1080 టీఐ, 4060 ‘ఇంచుమించు సమానం’ అంటే ఎంత సమానం?

సెకండ్ హ్యాండ్‌లో ఒక ఎన్విడియా జీటీఎక్స్ 1080 టీఐ గ్రాఫిక్స్ కార్డు దొరికింది, ఇంకాస్త డబ్బు కలిపితే కొత్త ఆర్టీఎక్స్ 4060 వస్తుంది, రెండిట్లో ఏది తీసుకోవాలి? సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) కంప్యూటర్ షాపుల్లో అడిగినా, ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపులో అడిగినా ఎక్కువగా వినబడే జవాబు ఒకటే: "రెండూ ఇంచుమించు సమానం బాస్, 4060 కొంచెం ఎక్కువ." జవాబు తప్పేం కాదు. 1080పీ రిజల్యూషన్‌లో (1920×1080 చుక్కల తెర, కార్డు పేరులోని 1080కి దీనితో సంబంధం లేదు) ఓ పది పదిహేను గేములు ఆడించి సగటు తీస్తే నిజంగానే అలాగే వస్తుంది. కానీ ఆ సగటు ఒక్కటే పట్టుకుని డబ్బులు పెట్టేవాళ్లు తర్వాత బాధపడతారు, ఎందుకంటే అసలు సంగతంతా ఆ "ఇంచుమించు" అన్న మాటలోనే ఉంది.

ముందు ఈ రెండు కార్డులూ ఏంటో చూద్దాం. 1080 టీఐ 2017 మార్చిలో 699 డాలర్ల ధరతో వచ్చింది, ఆ రోజుల్లో గేమర్లు కలలుగన్న కార్డు అది. 4060 వచ్చింది 2023 జూన్‌లో, 299 డాలర్లకు, అంటే ఎన్విడియా ఆ తరంలో డెస్క్‌టాప్‌ కోసం చేసిన వాటిలో అన్నిటికంటే చిన్నది. పాత దాని చిప్ 471 చదరపు మిల్లీమీటర్లు, అందులో 1200 కోట్ల ట్రాన్సిస్టర్లు. కొత్త దాని చిప్ 159 చదరపు మిల్లీమీటర్లే, అంటే మూడో వంతు, కానీ అందులో 1890 కోట్లు పట్టాయి. ఆరేళ్లలో చిప్ తయారీ ఎంత ముందుకెళ్లిందో ఈ ఒక్క లెక్క చాలు. సగం కంటే తక్కువ ధరలో అదే స్పీడు, అదీ సగం కంటే తక్కువ కరెంటుతో. ఇది చిన్న విషయం కాదు, మెచ్చుకోవాల్సిందే.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, రెండు కార్డుల స్పెసిఫికేషన్ పక్కపక్కన పెట్టి అంకెలు పోల్చడం. 1080 టీఐలో 3584 కోర్లు (చిప్‌లో లెక్కలు చేసే చిన్న చిన్న యూనిట్లు). 2021లో వచ్చిన ఆర్టీఎక్స్ 3060లో కూడా సరిగ్గా 3584 కోర్లే. 4060లో అయితే 3072, అంటే తగ్గాయి. దీన్నిబట్టి ఏం అర్థమవుతుంది? ఏమీ అర్థం కాదు, అదే సమస్య. కోరు అన్న మాటకి తరం తరానికీ అర్థం మారిపోతూ వచ్చింది. 1080 టీఐ నాటి పాస్కల్ తరంలో ఒక కోరు ఒక క్లాక్‌లో (అంటే చిప్ ఒక టిక్కులో) దశాంశాల లెక్క చేస్తుంది, లేదా పూర్ణాంకాల లెక్క చేస్తుంది, రెండూ ఒకేసారి చేయలేదు. 2018లో ట్యూరింగ్ తరం వచ్చినప్పుడు పూర్ణాంకాలకి వేరే దారి వేశారు, గేముల్లో ప్రతి 100 దశాంశ లెక్కలకీ సుమారు 36 పూర్ణాంక లెక్కలు వస్తుంటాయని ఎన్విడియానే అప్పుడు చెప్పింది. అందుకే 2944 కోర్లు మాత్రమే ఉన్న ఆర్టీఎక్స్ 2080, 3584 కోర్ల 1080 టీఐకి సమానంగా పరుగెత్తింది. 2020లో ఆంపియర్ తరానికి వచ్చేసరికి ఆ పూర్ణాంకాల దారినే దశాంశాలకి కూడా వాడుకునేలా మార్చారు, దాంతో బాక్స్ మీద కోర్ల సంఖ్య ఒక్కసారిగా రెట్టింపైనట్టు కనిపించింది. నిజానికి అందులో సగం కోర్లు ఒకసారి ఈ పని, ఒకసారి ఆ పని చేస్తుంటాయి.

టెరాఫ్లాప్‌ల (సెకనుకి ఎన్ని లక్షల కోట్ల దశాంశ లెక్కలు చేయగలదో చెప్పే అంకె) సంగతి కూడా అంతే. 1080 టీఐది 11.3, 2080ది సుమారు 10, 3060ది 12.7. కాగితం మీద వీటి మధ్య పాతిక శాతం తేడా ఉంది, కానీ గేముల్లో ఈ మూడూ దగ్గరదగ్గరగానే ఉంటాయి, పైగా చాలావాటిలో 12.7 ఉన్న 3060 వెనకబడుతుంది. ఒకే తరంలో రెండు కార్డుల్ని పోల్చడానికి టెరాఫ్లాప్‌లు కొంతవరకు పనికొస్తాయి, తరాలు దాటితే పక్కన పెట్టేయండి. పోటీ కంపెనీ ఏఎమ్‌డీ వైపు కూడా ఇంతే. 2017 నాటి ఆర్ఎక్స్ 580లో 2304 కోర్లు, సెకనుకి 256 జీబీ మెమరీ వేగం, 185 వాట్లు. 2021 నాటి ఆర్ఎక్స్ 6600లో 1792 కోర్లు, 224 జీబీ, 132 వాట్లు. ప్రతి అంకెలోనూ కొత్తదే చిన్నదిగా కనిపిస్తుంది, కానీ గేముల్లో పాతదాని కంటే ఒకటిన్నర రెట్లు దాటి ఇస్తుంది.

ఇక మెమరీ. పాత పెద్ద కార్డుకీ కొత్త చిన్న కార్డుకీ అసలు తేడా ఉన్నది ఇక్కడే, షాపుల్లో దీని గురించి చెప్పేవాళ్లే తక్కువ.

1080 టీఐలో 11 జీబీ మెమరీ, 352 బిట్ల వెడల్పు దారి, సెకనుకి 484 జీబీ. 4060లో 8 జీబీ, 128 బిట్లు, 272 జీబీ. ఇంచుమించు సగం వేగం. అయినా 1080పీలో ఎలా నెగ్గుకొస్తోందంటే, చిప్ లోపలే క్యాష్ అనే చిన్న మెమరీ 24 ఎంబీ పెట్టారు (పాత కార్డులో అది 3 ఎంబీ కూడా లేదు). వంట చేసే మనిషికి పోపుల పెట్టె చేతికందేలా ఉంటే స్టోర్ రూమ్‌కి ఎన్నిసార్లు వెళ్లాలి? అలాగే మాటిమాటికీ కావాల్సిన డేటా క్యాష్‌లోనే దొరికితే బయటి మెమరీ దాకా పోయే పని తగ్గుతుంది, దారి ఇరుకైనా ఇబ్బంది తెలియదు. కానీ పోపుల పెట్టెతో పెళ్లి వంట అవదు కదా. రిజల్యూషన్ పెంచేకొద్దీ ఒక్కో ఫ్రేముకి కావాల్సిన డేటా పెరుగుతుంది, క్యాష్‌లో దొరికేది తగ్గుతుంది, అప్పుడు ఆ 128 బిట్ల ఇరుకు బయటపడుతుంది. అందుకే 1080పీలో 4060 కాస్త ముందుంటే, ఇంకా పెద్ద రిజల్యూషన్ 1440పీకి వెళ్లేసరికి ఆ ఆధిక్యం కరుగుతుంది, 4కేలో కొన్ని గేముల్లో పాత కార్డే నిలబడుతుంది. మీ మానిటర్ ఏ రిజల్యూషనో చెప్పకుండా ఏది ఫాస్ట్ అని అడిగితే సరైన జవాబు రాదు.

వేగం ఒక ఎత్తు, చోటు ఇంకో ఎత్తు. 2023 మొదటి నుంచి వచ్చిన కొన్ని పెద్ద గేములు, టెక్స్చర్లు (వస్తువుల మీద పరిచే బొమ్మలు) అన్నిటికంటే పై సెట్టింగ్ అల్ట్రాలో పెడితే 8 జీబీని 1080పీలోనే దాటిపోవడం మొదలైంది. దాటినప్పుడు ఏమవుతుందో సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) చూస్తే తెలియదు. మిగిలిన డేటా కంప్యూటర్ మామూలు ర్యామ్‌లోకి వెళుతుంది, అక్కడి నుంచి మదర్‌బోర్డు స్లాట్ గుండా కార్డులోకి రావాలి, ఆ దారి వేగం కార్డు సొంత మెమరీతో పోలిస్తే చాలా చాలా తక్కువ. గేము బాగానే నడుస్తూ నడుస్తూ ఒక్కసారి పట్టేసినట్టు ఆగుతుంది, మళ్లీ కదులుతుంది. సగటు 70 ఎఫ్‌పీఎస్ అనే కనిపిస్తుంది కానీ చేతికి మాత్రం 30లా అనిపిస్తుంది. కొన్ని గేములైతే ఆగకుండా టెక్స్చర్లనే మసకగా చూపించి నెట్టుకొస్తాయి, అప్పుడు గ్రాఫులో ఏ తేడా ఉండదు, తెర మీద గోడలు, మొహాలు అలికేసినట్టుంటాయి. ఈ కారణంగానే సగటుతో పాటు "1 శాతం లో" అన్న అంకె చూడాలి. అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఆ ఒక్క శాతం ఫ్రేముల లెక్క అది, మనకి చిరాకు తెప్పించేవి ఆ ఫ్రేములే.

దీనికి తోడు ఇంకొకటి ఉంది, పాత కంప్యూటర్ ఉన్నవాళ్లకి ఇది చాలా ముఖ్యం. 4060లో స్లాట్‌లో దిగే భాగం పొడుగ్గా 16 లేన్లదిలా (లేను అంటే డేటా వెళ్లే ఒక్కో దారి) ఉన్నా, వాడుకునేది 8 లేన్లే. ఆ స్లాట్ పీసీఐఈ ప్రమాణంలో 4.0 వెర్షన్ ఉన్న బోర్డులో అయితే ఆ 8 లేన్లు సెకనుకి 16 జీబీ దాకా ఇస్తాయి, పెద్దగా ఇబ్బంది లేదు. కానీ 2017, 2018 నాటి బోర్డులన్నీ పీసీఐఈ 3.0. అక్కడ అది సగానికి, అంటే 8 జీబీకి పడిపోతుంది. మెమరీ సరిపోయినంత సేపు తేడా రెండు మూడు శాతమే, దాటిందంటే మాత్రం దెబ్బ మీద దెబ్బ. 1080 టీఐ 16 లేన్లూ వాడుకుంటుంది, అదే పాత బోర్డులో దానికి పూర్తి దారి ఉంటుంది. ఈ పొదుపు ఎంత దూరం పోగలదో 2022 జనవరిలో ఏఎమ్‌డీ ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ చూపించింది: 4 జీబీ మెమరీ, 4 లేన్లు. పాత బోర్డులో పెడితే కొన్ని గేముల్లో ఐదేళ్ల నాటి ఆర్ఎక్స్ 580 దాన్ని దాటి పోయింది. తక్కువ ధర కార్డు కొనేది ఎవరు? పాత బోర్డు ఉన్నవాళ్లే. వాళ్లకే సరిపోని కార్డుని వాళ్ల కోసమే అని అమ్మడం నిజంగా అన్యాయం.

ఇంతవరకు చదివితే పాతదే మేలు అనిపించొచ్చు. ఆగండి. పాత కార్డు నెమ్మదిగా చేసే పనుల గురించే కాదు, అసలు చేయలేని పనుల గురించి కూడా మాట్లాడాలి. 2018లో రే ట్రేసింగ్ (వెలుగు ఎలా పడుతుందో లెక్కగట్టి గీసే పద్ధతి) కోర్లు, ఏఐ లెక్కల కోసం టెన్సర్ కోర్లు వచ్చాయి, 1080 టీఐ వాటికి ఏడాదిన్నర ముందు పుట్టింది. మొదట్లో అదేం పెద్ద లోటు కాదు, రే ట్రేసింగ్ ఆపేసి ఆడుకోవచ్చు. కానీ 2023 అక్టోబర్‌లో వచ్చిన అలన్ వేక్ 2 గేము మెష్ షేడర్ల (ఆకారాలని గీసే కొత్త పద్ధతి) మీద ఆధారపడింది, అవి పాస్కల్ కార్డుల్లో లేవు, దాంతో 1080 టీఐ తన స్థాయికి ఏమాత్రం తగని ఫ్రేములతో కూలబడింది. 2024 మార్చిలో ఒక అప్‌డేట్ వచ్చి కొంత మెరుగుపడింది. 2024 డిసెంబర్ నాటి ఇండియానా జోన్స్ గేము ఇంకో అడుగు వేసింది, హార్డ్‌వేర్ రే ట్రేసింగ్ లేకపోతే నడవదు. కనీసం ఆర్టీఎక్స్ 2060 సూపర్ కావాలి. 2025 మేలో వచ్చిన డూమ్: ద డార్క్ ఏజెస్ కూడా అంతే. ఇలాంటి గేముల్లో పోలికే లేదు, ఒకటి ఆడుతుంది, ఇంకోటి ఆడదు. సగటు తీసేవాళ్లు ఈ సున్నాలని లెక్కలో వేయరు, అసలు ఆడని గేముని పట్టికలోనే పెట్టరు.

డ్రైవర్ల (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) విషయం కూడా ఉంది. పాస్కల్, దానికి ముందరి మ్యాక్స్‌వెల్ తరాలకి కొత్త గేముల డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ఆపేస్తామని, ఆ తర్వాత 2028 అక్టోబర్ దాకా మూడు నెలలకోసారి సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రమే ఇస్తామని ఎన్విడియా ప్రకటించింది. రేపు కార్డు పని మానేస్తుందని కాదు దీనర్థం. ఇవాళ ఆడే గేములు రేపూ ఆడతాయి. కొత్తగా వచ్చే గేములో ఏదైనా లోపం బయటపడితే దాన్ని సరిచేసే డ్రైవర్ మాత్రం రాదు.

గేముల కోసం కాకుండా కాలేజీ ప్రాజెక్టులకి, ఏఐ నేర్చుకోవడానికి కార్డు చూస్తున్నవాళ్లయితే 1080 టీఐ జోలికి వెళ్లొద్దు. 11 జీబీ చూసి ఆశ పడతారు, కానీ ఏఐ పనుల్లో ఎక్కువగా వాడే 16 బిట్ లెక్కల్ని ఈ చిప్ తన మామూలు వేగంలో 64వ వంతుతో చేస్తుంది, టెన్సర్ కోర్లు లేవు, కుడా (ఎన్విడియా కార్డుల మీద ఇలాంటి లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్) 13 నుంచి పాస్కల్‌కి సపోర్టే తీసేశారు. ఆ పనికి 12 జీబీ ఉన్న 3060 సెకండ్ హ్యాండ్‌లో దొరికితే అది చాలా మంచి బేరం, గేముల్లో 4060 కంటే వెనకున్నా సరే.

ఇక కొత్త కార్డుల ప్రకటనల్లో కనిపించే పెద్ద పెద్ద అంకెల గురించి. 2025 జనవరిలో లాస్ వేగాస్ వేదిక మీద ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్, 549 డాలర్ల 5070 కార్డు 4090 పెర్ఫార్మెన్స్ ఇస్తుందన్నారు. 4090 అంటే 1599 డాలర్లకి వచ్చిన కార్డు, 16384 కోర్లు, 24 జీబీ. 5070లో 6144 కోర్లు, 12 జీబీ. అదెలా సమానం? కార్డు గీసిన ఒక్కో ఫ్రేముకి మధ్యలో మూడేసి ఫ్రేములు ఏఐతో ఊహించి ఇరికించి, వాటిని కూడా లెక్కలో కలిపేస్తే సమానం. ఈ మధ్య ఫ్రేములు తయారు చేయాలంటే తర్వాతి అసలు ఫ్రేము ముందే చేతిలో ఉండాలి, అంటే దాన్ని కాసేపు ఆపి ఉంచాలి. తెర మీద కదలిక నున్నగా కనిపిస్తుంది, మౌస్ కదిపినప్పుడు స్పందన మాత్రం అసలు ఫ్రేముల వేగంతోనే, కాదంటే ఇంకాస్త ఆలస్యంగా ఉంటుంది. అసలే 70, 80 వస్తున్నప్పుడు ఇది బాగుంటుంది, 25 వస్తున్న గేముని 100 చేసి చూపిస్తే ఆడేవాడి చేతికి అబద్ధం తెలిసిపోతుంది. పైగా ఈ పనికి కూడా మెమరీ కావాలి, 8 జీబీ కార్డుకి కొరతగా ఉన్నది అదే. పాత కార్డుతో పోల్చేటప్పుడు ఈ ఊహా ఫ్రేములు తీసేసిన లెక్క మాత్రమే చూడాలి.

ఎన్విడియా డీఎల్ఎస్ఎస్ అప్‌స్కేలింగ్‌ని మాత్రం ఈ గాటన కట్టకూడదు. తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేయడం అది, స్పందన కూడా నిజంగానే వేగంగా ఉంటుంది, బొమ్మ కూడా చాలా బాగా వస్తోంది. 1080 టీఐకి డీఎల్ఎస్ఎస్ రాదు, అలాంటి పనే చేసే ఏఎమ్‌డీ వాళ్ల ఎఫ్ఎస్ఆర్ 2, 3 పనిచేస్తాయి (పోటీ కంపెనీ ఇచ్చిన సాయంతో ఎన్విడియా పాత కార్డులు ఇంకా బతుకుతున్నాయి, ఆ క్రెడిట్ ఏఎమ్‌డీకి ఇవ్వాలి). కానీ 1080పీ తెర మీద ఎఫ్ఎస్ఆర్ 2 బొమ్మ డీఎల్ఎస్ఎస్ అంత శుభ్రంగా ఉండదు, జుట్టు, కంచెలు, చెట్ల ఆకులు మిలమిల్లాడతాయి.

కరెంటు లెక్క కూడా చూద్దాం. 1080 టీఐ 250 వాట్లు, 4060 115 వాట్లు. రోజూ నాలుగు గంటలు ఆడితే నెలకి తేడా 16 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలు అనుకుంటే నెలకి వంద రూపాయలకి కాస్త తక్కువ, మూడేళ్లకి 3500. సెకండ్ హ్యాండ్ కార్డు ధర మీద ఇది కలుపుకోవాలి. బిల్లు కంటే వేడి పెద్ద సమస్య. కార్డు తీసుకున్న ప్రతి వాటూ చివరికి వేడిగా గదిలోకే వస్తుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో 250 వాట్ల కార్డు పెట్టుకుని మధ్యాహ్నం ఆడటం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. అలాగే 1080 టీఐకి కనీసం 600 వాట్ల మంచి ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) కావాలి, ఒక 8 పిన్, ఒక 6 పిన్ కేబుల్, కొన్ని కంపెనీల మోడళ్లకి రెండు 8 పిన్లు. క్యాబినెట్‌తో పాటు ఫ్రీగా వచ్చిన ఎస్ఎంపీఎస్ మీద దీన్ని నడపాలని చూడొద్దు.

ఎవరి దగ్గర ఏముందో దాన్నిబట్టి లెక్క మారిపోతుంది. 2016 నాటి జీటీఎక్స్ 1060 ఇంకా వాడుతున్నవాళ్లు (గేములు అమ్మే స్టీమ్ వాళ్ల సర్వేలో ఒకప్పుడు ఏళ్ల తరబడి మొదటి స్థానం దానిదే) 4060కి మారితే ఫ్రేములు రెట్టింపు దాటుతాయి, కరెంటు కూడా పెరగదు. 3060 ఉన్నవాళ్లు 4060కి మారితే ఇరవై శాతం వస్తుంది, 4 జీబీ మెమరీ పోతుంది, అది డబ్బు పారేయడమే. 2014లో 549 డాలర్లున్న జీటీఎక్స్ 980 స్థాయి, రెండేళ్లు తిరక్కముందే 249 డాలర్ల 1060లో దొరికింది. అలాంటి గెంతు 3060 నుంచి 4060కి రాలేదు, 2025లో వచ్చిన 5060లో మెమరీ వేగం 448 జీబీకి పెరిగినా చోటు మళ్లీ 8 జీబీయే. 2016లో 1070 కార్డుకి ఇచ్చిన 8 జీబీని తొమ్మిదేళ్ల తర్వాత 299 డాలర్లకి ఇస్తుంటే కొనేవాళ్లు కోప్పడటంలో తప్పు లేదు.

ప్రాసెసర్ పాతదైతే, వాలరెంట్, సీఎస్ 2 లాంటివి మాత్రమే ఆడితే ఈ గొడవంతా అనవసరం కూడా కావచ్చు. గేము ఆడుతూ గ్రాఫిక్స్ కార్డు వాడకం ఎంతుందో చూడండి. 60, 70 శాతం దగ్గరే ఉంటే ఆగిపోతున్నది ప్రాసెసర్ దగ్గర, కార్డు మారిస్తే ఒక్క ఫ్రేము కూడా పెరగదు. ఇంటెల్ ఆర్క్ బీ580 కార్డు 12 జీబీతో 249 డాలర్లకి 2024 డిసెంబర్‌లో వచ్చినప్పుడు అందరూ మెచ్చుకున్నారు, కానీ పాత ప్రాసెసర్లతో పెట్టి చూస్తే చాలా పడిపోయింది, రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్నీ ఒకేసారి అందుకునే సదుపాయం) లేని బోర్డుల్లో ఇంకా ఘోరం.

ఇవన్నీ చూసుకుని కూడా 1080 టీఐయే కావాలనుకుంటే, అంటే 1440పీ మానిటర్, పాత పీసీఐఈ 3.0 బోర్డు, మంచి ఎస్ఎంపీఎస్ ఉండి, ఎక్కువగా 2023కి ముందు గేములే ఆడేవాళ్లయితే, బేరం మంచిదే. డబ్బు ఇచ్చే ముందు ఇరవై నిమిషాలు ఏదైనా బరువైన గేము ఆడించి చూపించమనండి. ఇన్నేళ్ల కార్డులో థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటుంది, 84 డిగ్రీల దగ్గర ఈ కార్డు తనంతట తానే స్పీడు తగ్గించుకుంటుంది. వేడి ఎక్కువున్నా పేస్టు మారిస్తే సర్దుకోవచ్చు, ఫ్యాన్ మోగితే ఫ్యాన్ మార్చొచ్చు. తెర మీద రంగురంగుల చుక్కలో, గళ్లో ఒక్కసారి కనిపించినా అది మెమరీ చిప్ పోయే గుర్తు, అమ్మేవాళ్లు ఎంత తగ్గించినా వదిలేసి వచ్చేయండి.